వారసుడు వేరు, నిర్వాహకుడు వేరు

సందేహం: మా తాతగారు ఇంగ్లీషులో రాయించిన వీలునామాను ఇంట్లో అందరికీ అర్థమయ్యేలా తెలుగులోకి మారుస్తున్నాను. ఎగ్జిక్యూటర్ అన్నచోట 'వారసుడు' అనీ, ప్రొబేట్ అన్నచోట 'రిజిస్ట్రేషన్' అనీ రాశాను. న్యాయవాది అయిన మిత్రుడు రెండూ తప్పన్నారు. ఏమని రాయాలి? వీలునామాలోని 'వీలు'కు అర్థమేమిటి?

సమాధానం: మీ మిత్రుని అభ్యంతరం సబబైనదే. వాడుకలో ఆస్తి చేతికి వచ్చిన వారినెవరినైనా వారసుడనే అంటాము గాని, న్యాయభాషలో ఆ మాట పరిధి చిన్నది. వీలునామా లేకుండా ఒకరు మరణించినప్పుడు, బంధుత్వాన్ని బట్టి చట్టమే ఎవరికి హక్కు కల్పిస్తుందో వారు వారసులు. వీలునామా వల్ల ఆస్తి పొందేవారికి బంధుత్వంతో పని లేదు; ఆ పొందేది స్నేహితుడు కావచ్చు, ఒక ధర్మసంస్థ కావచ్చు. వారిని 'లబ్ధిదారు' అనడం మేలు. ప్రభుత్వ పథకాల వార్తలలో ఆ మాట బాగా నలిగిపోయినప్పటికీ, అంతకంటె తేలికగా అర్థమయ్యేది నాకు కనబడలేదు. కొడుకు వారసుడూ లబ్ధిదారూ కూడా కావచ్చు. అయినా ఆస్తి అతనికి ఏ హక్కుతో వచ్చిందో చెప్పవలసినచోట ఈ రెండు మాటలనూ కలిపేయకూడదు.

ఎగ్జిక్యూటర్ పని వేరు. అప్పులు తీర్చి, రావలసిన బాకీలు రాబట్టి, మిగిలిన ఆస్తిని వీలునామాలో ఉన్నట్లు ఎవరిది వారికి అప్పగించే బాధ్యతను అది రాసిన వ్యక్తి ఎవరిపై పెట్టాడో అతడే ఎగ్జిక్యూటర్. 'కార్యనిర్వాహకుడు' అన్న అనువాదం తప్పు కాదు గాని, వినగానే ఏదో కార్యాలయపు అధికారి గుర్తుకు వస్తాడు. 'వీలునామా నిర్వాహకుడు' అంటే ఆ చిక్కు ఉండదు. లబ్ధిదారునే నిర్వాహకునిగా నియమించడానికి అడ్డేమీ లేదు.

ప్రొబేట్‌ను మాత్రం అలాగే ఉంచమంటాను. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం ప్రొబేట్ అంటే, న్యాయస్థానం తన ముద్రతో ధ్రువీకరించి, ఆస్తిని నిర్వహించే అధికారంతో సహా ఇచ్చే వీలునామా ప్రతి. పత్రమూ అధికారమూ రెండూ ఆ మాటలోనే ఉన్నందువల్ల 'ధ్రువీకరణ' అని రాస్తే సగం అర్థమే వస్తుంది; మొదటిసారి వచ్చినచోట ఒక వాక్యం వివరణ చేర్చితే చాలు. రిజిస్ట్రేషన్ దీనికి పర్యాయపదం కానే కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం వీలునామాను రిజిస్టరు చేయించడం తప్పనిసరి చేయలేదు; చేయించినా, వివాదం వస్తే దానిని కోర్టులో రుజువు చేయక తప్పదు. ప్రొబేట్ వస్తే ఆ వీలునామా చెల్లుతుందని తేలుతుందే గాని, అందులో పేర్కొన్న ఆస్తి నిజంగా రాసినవారిదేనా అన్న సంగతి తేలదు. ఈ తేడాను మీ వివరణలో తప్పక చెప్పండి.

మీరు అడగకపోయినా మరొకటి చెప్పాలి. 'వీలునామా రాసినవారు' అంటే ఆస్తిపరులా, ఆయన చెప్పగా కాగితంమీద పెట్టిన లేఖరా అన్న అనుమానం రావచ్చు. దస్తావేజులలో కనబడే 'రాయించి ఇచ్చిన' అన్న పలుకుబడి పాతదే అయినా స్పష్టమైనది. సాక్షులను వేరుగా చూపండి. వీలునామాకు కనీసం 2 సాక్షి సంతకాలు ఉండాలి. కొడిసిల్ అన్నచోట, అంటే ముందు రాసిన వీలునామాను వివరించడానికో మార్చడానికో దానికి చేర్చడానికో రాసే పత్రం అన్నచోట, 'అనుబంధ వీలునామా' అనండి.

ఇక 'వీలు' సంగతి. ఇంగ్లీషు 'విల్'కు పారసీ 'నామా' చేరి వీలునామా అయింది. రాజీనామాలో ఉన్నదీ ఆ నామాయే. అవకాశమనే అర్థం గల మన 'వీలు'తో దీనికి చుట్టరికం లేదు.

క్రియ విషయంలోనూ జాగ్రత్త అవసరం. 'వీలునామాను మేము ప్రొబేట్ చేశాము' అని కుటుంబసభ్యులు అనడం వింటుంటాను. నిర్వాహకుడు దరఖాస్తు చేసి ప్రొబేట్ పొందుతాడు. దానిని మంజూరు చేసేది న్యాయస్థానం.