హ్యాండ్‌హెల్డ్ కన్సోల్‌లో రెజ్లింగ్ గేమ్: రివర్సల్స్ ఎందుకు కుదరడం లేదు?

టీవీకి తగిలించిన కన్సోల్‌లో రెజ్లింగ్ గేమ్‌లు బాగానే ఆడుతున్నాననీ, హ్యాండ్‌హెల్డ్ చేతిలోకి తీసుకుంటే మాత్రం ప్రత్యర్థి వేసే పట్లలో ఒక్కదాన్నీ రివర్స్ చేయలేకపోతున్నాననీ (అంటే సరైన క్షణంలో బటన్ నొక్కి తిప్పికొట్టలేకపోతున్నాననీ), లోపం చేతిదో యంత్రానిదో తెలియడం లేదనీ మీరు రాశారు. ఏ గేమ్ కొంటే మేలో కూడా అడిగారు. సోనీ పాత హ్యాండ్‌హెల్డ్ పీఎస్‌పీ రోజుల నుంచి, పీసీ గేమ్‌లు ఆడించే హ్యాండ్‌హెల్డ్ స్టీమ్ డెక్ దాకా ఈ తరహా ఆటలు ఆడుతూ వస్తున్నవాడిగా చెబుతున్నాను: వేళ్ల వేగం ఇందులో చాలా చిన్న విషయం. మీ చూపు ఎక్కడ ఉంది, ఆట సెకనుకు ఎన్ని ఫ్రేమ్‌లతో (తెరపై మారే బొమ్మలతో) నడుస్తోంది అన్నవాటి మీదే రివర్సల్ ఆధారపడుతుంది.

ముందు చూపు సంగతి. పెద్ద తెరపై రెజ్లర్ దగ్గర వెలిగే బటన్ గుర్తును చూసి నొక్కడం మనకు అలవాటైపోతుంది. పీఎస్‌పీ తెర 4.3 అంగుళాలు, అందులో ఉన్నవి 480×272 పిక్సెళ్లే. ఇద్దరు రెజ్లర్లు, రిఫరీ, తాళ్లు, ప్రేక్షకులు, స్టామినా మీటరు అన్నీ ఆ కాస్త చోటులోనే సర్దుకోవాలి. ఆ గుర్తును కన్ను వెతికి పట్టుకునేలోపే నొక్కవలసిన క్షణం దాటిపోతుంది. అందుకని గుర్తును పూర్తిగా మరిచిపోయి ప్రత్యర్థి ఒంటిని చూడడం నేర్చుకోవాలి. ఎత్తి వెనక్కి పడేసే సూప్లెక్స్ పట్టునే తీసుకోండి. ప్రత్యర్థి మీ మెడను చంకలో ఇరికించుకుంటాడు, మీ చేతిని తన మెడ మీదుగా వేసుకుంటాడు, రెండో చేత్తో మీ నడుము దగ్గర అందుకుంటాడు, ఆ తర్వాత మోకాళ్లు కొద్దిగా వంచి పైకి లేపుతాడు. నడుము అందుకోవడానికీ మోకాళ్లు వంచడానికీ మధ్య లిప్తపాటు ఆగినట్టు కనిపిస్తుంది. నేను ఆడిన గేమ్‌లలో రివర్సల్ చాలావరకు అక్కడే పడింది. చాచిన చేత్తో కొట్టే క్లోత్స్‌లైన్ అయితే, పరుగెత్తుకొచ్చేవాడి చెయ్యి చాచుకోకముందే భుజం కాస్త వెనక్కి వెళ్తుంది. ఈ కదలికలు కంటికి చిక్కిన తర్వాత తెర చిన్నదన్న ఇబ్బంది చాలా తగ్గిపోతుంది.

సాధనకు నేను వాడే పద్ధతి కొంచెం వింతగా అనిపించవచ్చు. క్రియేట్ మోడ్‌లో ఒక రెజ్లర్‌ను తయారుచేసి, గేమ్ ఒప్పుకున్నంత మేరకు అతని మూవ్‌సెట్‌లో (అతను వేసే పట్లు, దెబ్బల జాబితాలో) ముందు నుంచి పట్టే పట్లన్నింటికీ ఒకే సూప్లెక్స్‌ను పెడతాను. ఎగ్జిబిషన్‌లో (విడి మ్యాచ్‌ల మోడ్‌లో) అతనితో మ్యాచ్ పెట్టుకుని, నేను ఒక్క దెబ్బా కొట్టకుండా రివర్సల్ మాత్రమే ప్రయత్నిస్తాను. అది చేతికి వచ్చాక వేరే పట్టు పెడతాను. ఇలా సాధన చేసేటప్పుడు డిఫికల్టీని ఈజీకి తగ్గించకండి. ఈజీలో కంప్యూటర్ ప్రత్యర్థి ఊరికే తచ్చాడే సమయమే ఎక్కువ కాబట్టి మీకు అవకాశాలు దొరకవు.

ఏ ఏడాది గేమ్ అన్నది కూడా చూసుకోవాలి, ఎందుకంటే రివర్సల్ నియమం మారుతూ వచ్చింది. డబ్ల్యూడబ్ల్యూఈ గేమ్‌లలో పాత వరుస స్మాక్‌డౌన్ వర్సెస్ రా. అందులోని పాత గేమ్‌లలో దెబ్బలను రివర్స్ చేయడానికి ఒక బటన్, పట్లకు మరొక బటన్ ఉండేవి. 2010 గేమ్ నుంచి రెండింటినీ ఒకటి చేశారు. దాని తర్వాతి వరుస 2కేలో, డబ్ల్యూడబ్ల్యూఈ 2కే16 నుంచి కొన్నేళ్లపాటు రివర్సల్స్‌కు పరిమిత నిల్వ ఉండేది, అంటే ప్రతిదానికీ నొక్కుతూ పోతే అసలు అవసరానికి మిగలవు. 2కే22లో ఆ పరిమితిని తీసేశారు.

ఇక ఫ్రేమ్ రేటు. సెకనుకు 60 ఫ్రేమ్‌లు నడిచే గేమ్‌లో ఒక్కో ఫ్రేమ్ తెరపై ఉండేది సుమారు 16.7 మిల్లీసెకన్లు, 30కి పడిపోతే అది 33 మిల్లీసెకన్లు దాటుతుంది. పీసీపై నడిచే 2కే గేమ్‌లతో ఇంకో చిక్కు ఉంది. వాటిని 60 ఫ్రేమ్‌లకు అనుగుణంగా తయారుచేశారు కాబట్టి, ఫ్రేమ్‌లు తగ్గితే బొమ్మ తడబడడంతో సరిపోదు, మ్యాచ్ మొత్తం నెమ్మదిస్తుంది. 60 దగ్గర వేళ్లకు పట్టిన లయ 45 దగ్గర పనికిరాదు, మీరు తొందరపడి ముందే నొక్కేస్తారు. స్టీమ్ డెక్‌లో నీడలూ ప్రేక్షకుల వివరాలూ తగ్గించి, ఎంట్రన్స్ (రెజ్లర్ రింగ్‌లోకి నడిచొచ్చే దృశ్యం) ఎలా ఉన్నా మ్యాచ్ మాత్రం 60 దగ్గర నిలబడేలా చూసుకోండి. ఇద్దరే ఉన్న మ్యాచ్‌లో ఇది సాధ్యమే, చాలామంది ఒకేసారి రింగ్‌లో ఉండే రాయల్ రంబుల్‌లో కష్టం. 2017 డిసెంబరులో నింటెండో హ్యాండ్‌హెల్డ్ స్విచ్‌పై వచ్చిన 2కే18 ప్రధానంగా విమర్శలు ఎదుర్కొన్నది, రింగ్‌లో మనుషులు పెరిగేకొద్దీ ఆట నెమ్మదించడం వల్లనే. ఆ తర్వాత ఈ వరుసలోని ప్రధాన గేమ్ నింటెండో యంత్రంపై కనిపించింది 2025లో, స్విచ్ 2 కోసం వచ్చిన 2కే25తోనే.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌లో శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి, దెబ్బ చప్పుడును బట్టి నొక్కే అలవాటుంటే తీగ ఉన్న ఇయర్‌ఫోన్స్ వాడండి.

కొనడం విషయానికి వస్తే, పెద్ద కన్సోల్ గేమ్‌ను చిన్న యంత్రానికి తెచ్చినప్పుడు అన్నయ్య చొక్కాను తమ్ముడికి కుట్టించినట్టు ఎక్కడో ఒకచోట పట్టేస్తుంది. పీఎస్‌పీలో రెండో స్టిక్ లేదు, ఎల్2, ఆర్2 బటన్లు లేవు. పీఎస్2లో స్మాక్‌డౌన్ వర్సెస్ రా 2007 పట్లన్నీ కుడి స్టిక్ మీదికి మార్చింది, పీఎస్‌పీలో వాటికి వేరే దారి వెతకవలసి వచ్చింది. అయినా ఈ వరుసలో 2006 నుంచి 2011 దాకా పేర్లతో పీఎస్‌పీకి వచ్చిన ఆరు గేమ్‌లూ రింగ్‌లో దిగాక ఆడదగినవేనన్నది నా అభిప్రాయం. యూఎమ్‌డీ (పీఎస్‌పీ గేమ్ డిస్క్) నుంచి ఎంట్రన్స్‌లు లోడ్ కావడానికి పట్టే సమయమే విసుగు తెప్పిస్తుంది, కాబట్టి వాటిని దాటవేయండి. నింటెండో డీఎస్‌పై వచ్చిన స్మాక్‌డౌన్ వర్సెస్ రా 2008ను మాత్రం వదిలేయండి. అందులో పట్లను స్టైలస్‌తో గీయాలి, రివర్సల్ ఆనందం అందులో లేదు.

టైమింగ్ నేర్చుకోవడానికే అయితే 2001లో గేమ్ బాయ్ అడ్వాన్స్‌పై వచ్చిన ఫైర్ ప్రో రెజ్లింగ్ నా మొదటి ఎంపిక. ఇద్దరూ కలబడగానే ఎవరు సరైన క్షణంలో నొక్కారో వారిదే పట్టు. గబగబా నొక్కేవాడు ఓడిపోతాడు. మ్యాచ్ మొదట్లోనే పెద్ద పట్లకు పోతే ప్రత్యర్థి తిప్పేస్తాడు, చిన్న పట్లతో అలసట తెచ్చాకే వాటికి వెళ్లాలి. 240×160 తెరపై కూడా పాదం ఎప్పుడు నేలకు ఆనిందో స్పష్టంగా తెలుస్తుంది, ఎందుకంటే ఆ బొమ్మలను చిన్న తెరను దృష్టిలో పెట్టుకునే గీశారు.

ఈ పాతవి దాదాపు అన్నీ సెకండ్‌హ్యాండ్‌లోనే వెతుక్కోవాలి. స్మాక్‌డౌన్ వర్సెస్ రా గేమ్‌లను ప్రచురించిన టీహెచ్‌క్యూ 2012 డిసెంబరులో దివాలా పిటిషన్ వేసింది, డబ్ల్యూడబ్ల్యూఈ లైసెన్సు ఆ తర్వాత 2కే చేతికి వెళ్లింది. రెజ్లర్ల పేర్లూ రూపాలూ లైసెన్సుతో ముడిపడినవి కావడంతో పాత గేమ్‌లను మళ్లీ అమ్మకానికి పెట్టడం తేలిక కాదు. మీ దగ్గర ఇప్పటికే స్టీమ్ డెక్ ఉంటే మాత్రం పాతవాటి కోసం తిరగనక్కర్లేదు: 2కే22 తర్వాత వచ్చిన గేమ్‌లలో అమ్మకంలో ఉన్నదొకటి తీసుకుని, ప్రత్యర్థి రివర్సల్స్ స్లైడర్‌ను కొంత తగ్గించి, ఇద్దరి మ్యాచ్‌లతో మొదలుపెట్టండి. ఆరుగురి మ్యాచ్‌లను టీవీకే ఉంచుకోండి.