షెఫీల్డు వస్తున్న మేనకోడలికి

చిట్టితల్లీ,

నీకు వీసా వచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. చెబుతూ చెబుతూ మధ్యలో గొంతు పూడుకుపోయి ఫోన్ మీ అమ్మ చేతికిచ్చేశాడు. వాడి సంగతి నేను చూసుకుంటాలే. నువ్వడిగినదానికి మాత్రం ఆ రోజు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "అత్తయ్యా, అక్కడివాళ్ళతో ఎలా మసులుకోవాలి?" అన్నావు. 1988 నవంబరులో మీ మావయ్యతో ఈ ఊళ్ళో దిగినప్పుడు నాకు చెప్పేవాళ్ళు లేరు. అన్నీ బొప్పి కట్టించుకునే నేర్చుకున్నాను. నువ్వూ నాలాగే నర్సువి, చేరేది కూడా వార్డులోనే కాబట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

మొదటిరోజు నువ్వు కోటు తీసి తగిలిస్తుండగానే ఎవరో ఒకరు "యూ ఆల్‌రైట్?" అని పలకరిస్తారు. నా మొహం వాడిపోయినట్టుందేమో అనుకుని నేను నిజంగానే జవాబు చెప్పాను. నిద్ర పట్టడం లేదనీ, చలికి కాళ్ళు పగిలాయనీ మొదలుపెట్టేసరికి ఆ పిల్ల కారిడారు చివరికి వెళ్ళిపోయింది. అది మన "భోంచేశావా?" లాంటిది. కాకపోతే మనవాళ్ళు ఆ తర్వాత ఏం కూరని కూడా అడుగుతారు, వీళ్ళు అడగరు. "యా, యూ?" అనేసి నీ పని చూసుకో.

అన్నిటికన్నా ముందు ప్లీజ్ సంగతి చెప్పాలి. మన మర్యాదంతా మాట చివర 'అండి'లో ఉంటుంది. "ఒక టీ ఇవ్వండి" అంటే చాలు, గౌరవం అందులోనే వచ్చేస్తుంది. దాన్నే ఇంగ్లీషులోకి మార్చి "గివ్ మీ వన్ టీ" అన్నావనుకో, ఆ 'అండి' దారిలో ఎక్కడో జారిపోతుంది, అవతలివాళ్ళకి దబాయింపులా వినిపిస్తుంది. క్యాంటీన్లో నేనలాగే అడిగితే కౌంటరు వెనకావిడ కప్పు చేతిలోనే పట్టుకుని, చిన్నపిల్లకి చెప్పినట్టు "ప్లీజ్" అని నా బదులు తనే అంది. ఆ పూట చెవులు వేడెక్కిపోయాయి. "కుడ్ ఐ హ్యావ్ ఎ టీ, ప్లీజ్?" అని మొత్తం వాక్యం అలవాటు చేసుకో. కొట్లో డబ్బులిచ్చేటప్పుడు ఒక థ్యాంక్స్, చిల్లర తీసుకునేటప్పుడు ఇంకొకటి, బస్సు దిగేటప్పుడు డ్రైవరుకి ఒకటి. ఎవరైనా నీ కాలు తొక్కితే సారీ చెప్పేది నువ్వే. నవ్వకు, నెల తిరిగేసరికి నువ్వూ చెబుతావు.

ఆ బస్సు డ్రైవరే నిన్ను "లవ్" అంటాడు. అందులో ఏమీ లేదు, మన "అమ్మా" లాంటిదే. నేను మొదటిసారి విని ఇంటికొచ్చి మీ మావయ్యకి ఫిర్యాదు చేస్తే, ఆయన పకపకా నవ్వి, "పొద్దున కూరగాయలవాడు నన్నూ లవ్ అన్నాడు" అన్నారు. ఇక్కడ మగవాళ్ళు మగవాళ్ళని కూడా అలాగే పిలుస్తారు. నువ్వు టెస్టులో నేర్చుకున్న ఇంగ్లీషుకీ ఈ ఊరి ఇంగ్లీషుకీ చాలా తేడా. 'నౌట్' అంటే ఏమీ లేదని, 'ఔట్' అంటే ఏదైనా అని. అలిగి మూతి ముడుచుకున్నవాళ్ళని 'మార్డీ' అంటారు. ఆ మాట వినగానే నాకు మీ నాన్నే గుర్తొస్తాడు.

ఇక అసలు కష్టం ఏమిటంటే, వీళ్ళు అనే మాట ఒకటి, అందులో అర్థం ఇంకొకటి. కపటం అనుకోకు. మనం ఎవరింటి నుంచైనా లేచేటప్పుడు "వెళ్తాను" అంటామా? "వెళ్ళొస్తా" అంటాం. మళ్ళీ ఆ గుమ్మం తొక్కనివాళ్ళు కూడా అలాగే అంటారు. వీళ్ళు "ఎప్పుడైనా మా ఇంటికి భోజనానికి రావాలి" అనడం కూడా అంతే. తేదీ, టైము చెప్పేదాకా అది పిలుపు కాదు. తేదీ చెప్పారంటే మాత్రం నిజంగా పిలిచినట్టే, అప్పుడు చెప్పిన టైముకి ఓ పది నిమిషాలు ఆలస్యంగా వెళ్ళు. ముందు మాత్రం వెళ్ళకు, ఇంటావిడ ఇంకా ఇల్లు సర్దుకుంటూ ఉంటుంది. నీ వార్డు మేనేజరు నీ పని చూసి "నాట్ బ్యాడ్" అంటే మెచ్చుకున్నట్టు. నువ్వేదో చెబితే "ఇంటరెస్టింగ్" అని ఊరుకుంటే ఆ ఆలోచన అక్కడితో వదిలెయ్.

పేషెంట్ల దగ్గర ఇది ఇంకా జాగ్రత్తగా గమనించాలి. మన దగ్గర చిటికెన వేలికి దెబ్బ తగిలితే వార్డంతా వినిపిస్తుంది. ఇక్కడ పెద్దవాళ్ళు నొప్పిని దాచుకుంటారు. ఒక రాత్రి డ్యూటీలో ఓ పెద్దాయన, స్టీలు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి, నేను పక్కనుంచి వెళ్తుంటే చెయ్యి కాస్త పైకెత్తాడు. "నిన్ను ఇబ్బంది పెట్టడం ఇష్టం లేదు లవ్, ఛాతీ కొంచెం బిగదీసినట్టుంది. పని అయ్యాకే రా" అన్నాడు. మొహం చూస్తే బూడిద రంగులో ఉంది, పైపెదవి మీద చెమట. వెంటనే డాక్టర్ని పిలిచి ఈసీజీ తీయిస్తే గుండెపోటు. బతికాడులే. మర్నాడు నన్ను చూసి, రాత్రి అంత హడావుడి చేయించినందుకు సారీ చెప్పాడు! "ఎ బిట్ సోర్" అంటే బాగా నొప్పిగా ఉందని, "మస్ట్‌న్ట్ గ్రంబుల్" అంటే చెప్పుకోవాల్సింది చాలానే ఉందని అర్థం చేసుకో. మాట కన్నా మొహం చూడు.

తిండి దగ్గర నేను పడ్డ పాటు కూడా విను. చేరిన కొత్తలో తోటి నర్సు ఒకావిడ "శనివారం ఐదింటికి టీకి రండి" అంది. టీయే కదా అని నాలుగింటికి ఇద్దరం పప్పుచారు, అప్పడాలతో కడుపునిండా తిని వెళ్ళాం. చూస్తే టేబుల్ మీద ప్లేట్లు, ఫోర్కులు, మధ్యలో పొగలు కక్కుతున్న షెపర్డ్స్ పై, అంటే మాంసం మీద బంగాళాదుంప ముద్ద పరిచి కాల్చే వంటకం. ఈ ఉత్తరాది ఇంగ్లండులో 'టీ' అంటే సాయంత్రం భోజనం, 'డిన్నర్' అంటే చాలామందికి మధ్యాహ్నం తినేది. నేను చెంచాడు తిని ఆపేస్తే పాపం ఆవిడ, "నచ్చలేదా లవ్?" అని చిన్నబోయింది. తిని వచ్చామని చెప్పలేక మళ్ళీ తిన్నాం. అప్పుడే ఆవిడ నారింజ రంగు లేబులున్న సీసా తీసి నా ప్లేటులో నాలుగు చుక్కలు చిలకరించింది. నోట్లో పెట్టుకుంటే ఎక్కడో తెలిసిన పులుపు. సీసా తిప్పి చదివితే అందులో చింతపండు! హెండర్సన్స్ రెలిష్ అంటారు, ఈ ఊళ్ళోనే తయారవుతుంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ సీసా లేని రోజు లేదు.

షెపర్డ్స్ పైలో ఉండేది గొర్రె మాంసం, అదే కాటేజ్ పై అయితే గొడ్డు మాంసం. నువ్వు తినవు కాబట్టి ముందే చెప్పు, ఎవరూ ఏమీ అనుకోరు. పేర్లు చూసి మోసపోకు. యార్క్‌షైర్ పుడ్డింగ్ తియ్యగా ఉండదు, ఆదివారం మాంసం, గ్రేవీలతో తినే పొంగిన పిండివంట అది. బ్లాక్ పుడ్డింగ్ అయితే నెత్తురుతో చేసే సాసేజి, దాని జోలికి పోకు. క్రిస్మస్‌కి పెట్టే మిన్స్ పైలో మాంసం ఉండదు, ఎండుద్రాక్ష లాంటివి ఉంటాయి. కానీ కొన్నిట్లో పశువుల కొవ్వు వేస్తారు, డబ్బా మీద చదువు.

వార్డులో నీకు టీ కావాలనిపిస్తే నీ ఒక్కదానికే పెట్టుకోకు. "ఎవరికైనా బ్రూ కావాలా?" అని అడిగి అందరికీ పెట్టు. ఎవరికి పాలెన్ని, చక్కెరెంత అని వారం రోజుల్లో గుర్తుపెట్టుకున్నావంటే సగం స్నేహం అయిపోయినట్టే. పబ్బుకి పిలిస్తే కూడా వెళ్ళు, మందు తాగక్కర్లేదు, లైమ్ అండ్ సోడా అడుగు. అక్కడ వంతులవారీగా ఒక్కొక్కరు అందరికీ కొంటారు. నీ వంతు మాత్రం ఎగ్గొట్టకు, అది ఏళ్ళ తరబడి గుర్తుంటుంది.

జీతమెంత, పెళ్ళయిందా, పిల్లలెందుకు లేరు, ఇలాంటివి మన దగ్గర రైల్లో పక్క సీటువాళ్ళు కూడా అడుగుతారు. ఇక్కడ పదేళ్ళు కలిసి పనిచేసినా అడగరు. ఏం మాట్లాడాలో తోచకపోతే వాతావరణం ఉంది. "చలిగా ఉంది కదా" అంటే "అవును" అనాలి, అంతే. మా ఊళ్ళో 45 డిగ్రీలని మొదలుపెట్టకు. జూన్‌లో 25 డిగ్రీలకే వీళ్ళు ఉడికిపోతున్నామంటారు, నువ్వూ విసురుకో.

వీళ్ళు దూరం పెడతారని నేనూ చాన్నాళ్ళు కుళ్ళుకున్నాను. పక్కింటాయన మూడేళ్ళపాటు నాతో మాట్లాడింది వాన గురించే. మీ మావయ్య ఆపరేషన్ అయి మంచం మీద ఉన్నప్పుడు, మంగళవారం రాత్రి చెత్తడబ్బా రోడ్డు మీద పెట్టడం నేను మర్చిపోయాను. పొద్దున చూస్తే పెట్టి ఉంది. తర్వాతి వారం కూడా. ఒకరోజు మా గడ్డి కూడా కోసేసి ఉంది. తలుపు కొట్టలేదు, ఒక్కమాట అడగలేదు. నేను సున్నుండలు పట్టుకెళ్తే ఆయన మొహం ఎర్రబడి, "ఎందుకివన్నీ, వాన వచ్చేలా ఉంది కదా" అన్నాడు.

ఇంట్లో సంగతులు రెండే. తాలింపు వేసేటప్పుడు వంటింటి తలుపు మూసి, కిటికీ తెరువు, లేకపోతే స్మోక్ అలారం మోగి వీధంతా లేస్తుంది. విసుగొచ్చి బ్యాటరీ మాత్రం పీకకు. బాత్రూములో లైటుకి స్విచ్చు వెతక్కు, పైనుంచి తాడు వేలాడుతుంటుంది, లాగాలి.

చలి కన్నా చీకటితోనే నీకు ఎక్కువ కష్టం. డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకుండానే పొద్దు గుంకుతుంది. చలికాలంలో రోజుకి 10 మైక్రోగ్రాముల విటమిన్ డి తీసుకోమని ఇక్కడి ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్ అందరికీ చెబుతుంది, మనలాంటి ఒంటి రంగువాళ్ళకి ఏడాది పొడుగునా మంచిదంటుంది. వేసుకో, బద్ధకించకు. ఆ చీకట్లోనే నవంబరు 5న ఊరూరా మంటలు వేసి టపాసులు కాలుస్తారు. 1605లో పార్లమెంటు పేల్చబోయి పట్టుబడ్డ గై ఫాక్స్ కథ అది. మనకదే మేలు, దీపావళికి మతాబులు దొరుకుతాయి. మామూలుగా రాత్రి 11 దాటాక కాల్చకూడదు, దీపావళి నాడు మాత్రం ఒంటిగంట దాకా చట్టమే ఒప్పుకుంటుంది. ఈసారి మనింట్లోనే కాలుద్దాం.

నెయ్యి, పాలకోవా సర్దొద్దని మీ అమ్మకి గట్టిగా చెప్పు, పాలతో చేసినవి ఇక్కడికి తేనివ్వరు. ఆవకాయ తే. మూతకి టేపు చుట్టి రెండు కవర్లలో పెట్టించు. మాంచెస్టర్ ఎయిర్‌పోర్టుకి మీ మావయ్య కారు తెస్తారు. కొండదారిలో మంచు పడి దారి మూసేస్తే కాస్త ఆలస్యమవుతుంది. కంగారుపడక, ఏదో ఒక క్యూ చివర నిలబడి ఉండు.

ఆశీస్సులతో,
అత్తయ్య