గుహల మీద ఇష్టమైతే ఏ గ్రూపు, ఏ డిగ్రీ?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం. బెలూం గుహలు చూసొచ్చిన దగ్గర్నుంచి గుహల శాస్త్రవేత్తనవుతా, ఇంజినీరింగ్ వద్దంటున్నాడు. దీనికి కోర్సులున్నాయా? ఉద్యోగం దొరుకుతుందా? – ఒక తల్లి, తాడిపత్రి

జవాబు: గుహల కోసమే డిగ్రీ మన దగ్గర లేదమ్మా. గుహల్లో పనిచేసేవాళ్లు జీతం తీసుకునేది జియాలజిస్టులుగానో (రాళ్లను, నేలను పరిశోధించేవాళ్లు), భూగర్భజల నిపుణులుగానో, జువాలజీ అధ్యాపకులుగానో. అందుకే అబ్బాయికి నచ్చింది రాళ్లా, చీకట్లో దూరి వెళ్లడమా, అక్కడి జీవులా అన్నది ముందు కనుక్కోండి.

రాళ్లయితే దారి స్పష్టంగానే ఉంది. ఉదాహరణకు, మేఘాలయలోని మామ్లూ గుహలో నేల మీంచి పైకి పెరిగిన సున్నపు దిమ్మెను నిలువుగా కోసి, పొరపొరకూ సన్నటి డ్రిల్లుతో చిటికెడు పొడి తీశారు. యురేనియం-థోరియం పద్ధతిలో పొర వయసు, ఆక్సిజన్ ఐసోటోపుల్లో (బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ పరమాణువుల్లో) ఆనాటి వానల తీరు తెలుస్తాయి. సుమారు 4,200 ఏళ్ల కిందట మొదలై ఇప్పటికీ నడుస్తున్న భూచరిత్ర ఘట్టానికి 2018లో ‘మేఘాలయన్ ఏజ్’ అని పేరు పెట్టింది ఆ దిమ్మె ఆధారంగానే. అయితే ఈ పనిలో గుహలో గడిపేది కొద్ది రోజులే, మిగతాదంతా ల్యాబ్. ఆ సంగతి అబ్బాయికి ఇప్పుడే చెప్పండి.

బీఎస్సీలో జియాలజీ తీసుకుని, ఎమ్మెస్సీ చేయాలి. ఆంధ్రా, ఉస్మానియా, శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో జియాలజీ విభాగాలున్నాయి. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఆపైన యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్షతో జీఎస్‌ఐ (జియాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా)లో, కేంద్ర భూగర్భజల బోర్డులో ఉద్యోగాలొస్తాయి. మీ భయానికి జవాబు ఇక్కడుంది.

దూరి వెళ్లడమే ఇష్టమైతే మాత్రం దాన్ని ఉద్యోగమనుకోవద్దు. బెలూం గురించి బ్రిటిష్ జియాలజిస్టు రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లోనే రాసినా, లోపల వివరంగా సర్వే జరిగింది 1982-83లో, డేనియల్ గెబౌర్ నాయకత్వంలోని జర్మన్ బృందం వచ్చాక. ఒకరు కంపాస్‌లో దిక్కు చదువుతుంటే ఇంకొకరు బురద చేతులతో పుస్తకంలో గీసుకుంటూ పాకే పని అది. ఇలాంటివాళ్లలో ఎక్కువమంది సొంత డబ్బు, సెలవులు ఖర్చుపెట్టుకునేవాళ్లే. మేఘాలయలో ఏటా జరిగే సర్వేలూ చాలావరకు అలాగే నడుస్తాయి.

గుహల్లోని జీవుల మీద ఆసక్తైతే ఎంపీసీ అడ్డం. నాగార్జున విశ్వవిద్యాలయం జువాలజీ పరిశోధకులు మన గుహల నీళ్లలోనే రొయ్యలకు దూరపు చుట్టాలైన కొత్త చిన్న జీవుల్ని గుర్తించారు. అటు వెళ్లాలంటే బైపీసీ కావాలి, మారాలంటే ఇప్పుడే మారాలి.

ఈలోగా ఊరి చుట్టుపక్కల బిలాల్లోకి స్నేహితులతో దూరనివ్వకండి. అనుభవమున్న బృందాలు కూడా మనిషికి మూడేసి లైట్లు లేకుండా, బయట ఒకరికి తిరిగొచ్చే వేళ చెప్పకుండా లోపలికి వెళ్లవు.