మీ ప్రశ్న – మా జవాబు: బెంచీ మీద కూర్చున్న ఆటగాడు కాలేజీ మారితే తప్పా?

ఈ నెల ఆటల మీద వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకు దాచి, వీటికే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మా పెద్దన్న డల్లాస్‌లో ఉద్యోగం చేస్తాడు. మొన్న ఇంటికొచ్చినప్పుడు ఫోన్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ చూపించి, జేలెన్ హర్ట్స్ అనే క్వార్టర్‌బ్యాక్ గురించి గంటసేపు చెప్పాడు. అలబామా యూనివర్సిటీకి ఆడాడట, అక్కడ పక్కన పెడితే ఓక్లహోమాకు పోయి, చివరికి అక్కడి ప్రొఫెషనల్ జట్ల ఫైనల్ అయిన సూపర్‌బౌల్ గెలిచాడట. పక్కనే ఉన్న మా బావ మాత్రం, పేరు తెచ్చిన కాలేజీని వదిలి పోవడమంటే తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమే అన్నాడు. ఇద్దరికీ పెద్ద వాదన అయింది. అసలు ఏం జరిగింది? ఎవరిది కరెక్ట్? – డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: తమ్ముడూ, మీ అన్నదే కరెక్ట్. కాకపోతే ఆయన చెప్పిన కథలో మధ్యలో ఒక ఏడాది ఎగిరిపోయింది, నాకు ఆ ఏడాదే ముఖ్యం.

ముందు ఆట తెలియనివాళ్ల కోసం ఒక మాట. క్వార్టర్‌బ్యాక్ అంటే మన వాలీబాల్‌లో సెట్టర్ లాంటివాడు. దాదాపు ప్రతిసారీ బంతి ముందు అతని చేతికే వస్తుంది, దాన్ని దూరంగా ఉన్నవాడికి విసరాలా, పక్కవాడికి అందించాలా, తానే పట్టుకుని ఉరకాలా అన్నది ఆ రెండు మూడు సెకన్లలోనే తేల్చుకోవాలి, అదీ ఎదుటి జట్టు వాళ్లు మీద పడటానికి దూసుకొస్తుంటే. మిగతా స్థానాల్లో ఆటగాళ్లను మ్యాచ్ మధ్యలో మారుస్తూనే ఉంటారు, క్వార్టర్‌బ్యాక్‌ను మాత్రం దెబ్బ తగిలితేనో, ఆట పూర్తిగా చెడిపోతేనో తప్ప కదిలించరు. కాబట్టి రెండో క్వార్టర్‌బ్యాక్ ఎంత మంచి ఆటగాడైనా సీజన్ అంతా చూస్తూ కూర్చోవాల్సిందే. అక్కడ కాలేజీలు మారేవాళ్లలో క్వార్టర్‌బ్యాక్‌ల పేర్లు అంతగా వినపడటానికి కారణం ఇదే.

హర్ట్స్ టెక్సస్ పిల్లవాడు, తండ్రి హైస్కూల్ ఫుట్‌బాల్ కోచ్. 2016లో అలబామాలో చేరిన మొదటి ఏడాదే మొదటి క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు, జట్టును జాతీయ ఫైనల్ దాకా తీసుకెళ్లాడు, అక్కడ క్లెమ్సన్ చేతిలో 35–31తో ఓడిపోయారు. మరుసటి ఏడాది మళ్లీ ఫైనల్. 2018 జనవరి 8, అట్లాంటా, ఎదురుగా జార్జియా యూనివర్సిటీ. మొదటి సగంలో హర్ట్స్ ఎనిమిదిసార్లు బంతి విసిరితే మూడే అందాయి, మొత్తం 21 గజాలు. స్కోరు 13–0, వెనకబడ్డారు. విరామం తర్వాత కోచ్ నిక్ సేబన్ అతన్ని కూర్చోబెట్టి, మొదటి ఏడాది కుర్రాడు టువా టగోవైలోవాను దింపాడు. ఓవర్‌టైమ్‌లో టువా 41 గజాల దూరం విసిరిన బంతిని డెవాంటా స్మిత్ అందుకున్నాడు, అలబామా 26–23తో గెలిచింది. ఈ స్మిత్ పేరు గుర్తుపెట్టుకో, మళ్లీ వస్తాడు.

రెండేళ్లు జట్టును నడిపి, అందులో రెండే రెండు మ్యాచ్‌లు ఓడిన పిల్లవాడిని, దేశమంతా చూస్తుండగా సగం ఆటలో పక్కన పెట్టారు. అప్పటికి అతనికి పందొమ్మిదేళ్లు. అంతా వెంటనే వెళ్లిపోతాడనే అనుకున్నారు. అతను వెళ్లలేదు. 2018 సీజన్ అంతా టువా వెనక రెండోవాడిగా ఉన్నాడు, అదే ప్రాక్టీసుకు వచ్చాడు, అదే జెర్సీ వేసుకున్నాడు. ఆ డిసెంబర్ 1న కాన్ఫరెన్స్ (అలబామా ఆడే కాలేజీల లీగ్) ఫైనల్, మళ్లీ అట్లాంటాలోని అదే స్టేడియం, మళ్లీ అదే జార్జియా. నాలుగో క్వార్టర్‌లో టువా కాలికి దెబ్బ తగిలి బయటికి వచ్చాడు, జట్టు ఏడు పాయింట్లు వెనక ఉంది. హర్ట్స్ వెళ్లి ఒక టచ్‌డౌన్‌కు (బంతిని ఎదుటి జట్టు చివరి గీత దాటించడం, మన గోల్ లాంటిది) బంతి అందించి స్కోరు సమం చేశాడు, చివర్లో 15 గజాలు తానే ఉరికి ఇంకోటి కొట్టాడు. 35–28తో గెలిచారు. మీ బావకు ఇది చెప్పు. ఆ కాలేజీకి అతను బాకీ ఏమైనా ఉంటే ఆ సాయంత్రమే తీరిపోయింది.

అదే నెలలో అతని డిగ్రీ కూడా పూర్తయింది, మూడేళ్లలోనే. అప్పటి నియమం ప్రకారం డిగ్రీ కాకుండా ఇంకో యూనివర్సిటీకి మారిన ఫుట్‌బాల్ ఆటగాడు మామూలుగా ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలి. డిగ్రీ చేతిలో ఉన్నవాడికి ఆ అడ్డం లేదు, వెళ్లిన వెంటనే ఆడొచ్చు. హర్ట్స్‌కు మిగిలింది ఒక్క సీజనే, ఆ పట్టా లేకపోతే దానికోసం కూడా ఒక ఏడాది కూర్చోవాల్సి వచ్చేది. 2019 జనవరిలో ఓక్లహోమాకు పోయాడు. ఆ చోటును ఎంచుకోవడంలో కూడా తెలివి ఉంది. కోచ్ లింకన్ రైలీ దగ్గర అంతకుముందు రెండేళ్లలో ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లు, బేకర్ మేఫీల్డ్, కైలర్ మర్రీ, వరసగా హైస్మన్ ట్రోఫీ గెలిచారు. కాలేజీ ఆటగాళ్లకు అంతకంటే పెద్ద అవార్డు లేదు. ఇద్దరూ వేరే కాలేజీల నుంచి మారి వచ్చినవాళ్లే, ఇద్దరూ ఆ ఒక ఏడాది కూర్చున్నవాళ్లే.

ఓక్లహోమాలో హర్ట్స్ 3,851 గజాలు విసిరాడు, 1,298 గజాలు ఉరికాడు, హైస్మన్‌లో రెండో స్థానంలో నిలిచాడు. మొదటి స్థానం జో బరోది, ఒహాయో స్టేట్‌లో అవకాశం రాక ఎల్‌ఎస్‌యూకు (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) మారిన ఇంకో క్వార్టర్‌బ్యాక్. సెమీఫైనల్లో బరో జట్టు హర్ట్స్ జట్టును 63–28తో చిత్తు చేసింది, అది కూడా అట్లాంటాలోనే. తర్వాత ఫిలడెల్ఫియా ఈగల్స్ అనే ప్రొఫెషనల్ జట్టు అతన్ని 2020 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి) 53వ ఆటగాడిగా తీసుకుంది. ఒక సూపర్‌బౌల్ 38–35తో ఓడాడు, 2025 ఫిబ్రవరిలో కన్సస్ సిటీ మీద 40–22తో గెలిచి ఆ మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. ఆ మ్యాచ్‌లో అతను విసిరిన 46 గజాల టచ్‌డౌన్ బంతిని అందుకున్నది ఎవరనుకున్నావు? తనను పక్కన పెట్టిన రాత్రి టువా బంతిని అందుకున్న ఆ డెవాంటా స్మితే.

ప్రశ్న: మావాడు హనుమకొండలో డిగ్రీ రెండో సంవత్సరం, వాలీబాల్ ఆడతాడు, సెట్టర్. పోయినేడు వీడే టీమ్‌కు సెట్టర్. ఈ ఏడాది ఇంకో పిల్లవాడు వచ్చాడు, ఎత్తు ఎక్కువ, కోచ్ సార్ వాడినే ఆడిస్తున్నాడు. వీడు సరిగ్గా తింటలేడు, ఎవరితో మాట్లాడతలేడు. హైదరాబాద్‌లో ఉన్న దోస్తులు మా కాలేజీకి రా అంటున్నారు. వాళ్ల నాన్న మాత్రం భయపడి పారిపోతున్నావా అని తిడతాడు. నాకు టెన్షన్‌గా ఉంది, ఏం చేయాలి? – ఒక తల్లి, కాజీపేట

జవాబు: అమ్మా, ముందు ఇంట్లో ఆ మాట ఆపించండి. ఒక టీమ్‌కు ఒకే సెట్టర్ చాలనుకునే చోట రెండో సెట్టర్ వేరే టీమ్ వెతుక్కోవడం పారిపోవడం కాదు. అయ్యగారికి చెప్పండి, అబ్బాయి భయపడి ఉంటే ఆటే మానేసేవాడు, ఇంకోచోట ఆడతానని అడిగేవాడు కాదు.

అలాగని ఇప్పుడే పంపించమని కూడా నేను అనను. డిగ్రీ మధ్యలో ఒక యూనివర్సిటీ నుంచి ఇంకో యూనివర్సిటీకి మారడం మన దగ్గర అంత తేలిక కాదు. టీసీ కావాలి, మైగ్రేషన్ సర్టిఫికెట్ కావాలి, ఇక్కడ రాసిన సబ్జెక్టులు అక్కడి సిలబస్‌తో కలవాలి, అక్కడ సీటు ఖాళీగా ఉండాలి. ఇవన్నీ దొరికినా ఆ కాలేజీలో ఇప్పటికే ఒక సెట్టర్ ఉంటాడు కదా, అతని సంగతి ఏమిటి? దోస్తులు రమ్మన్నారు సరే, అక్కడి కోచ్ రమ్మన్నాడా? ఆ ఒక్క ప్రశ్న అబ్బాయిని అడిగి చూడండి. జవాబు లేకపోతే, ఇక్కడి బెంచీ మీద నుంచి లేచి అక్కడి బెంచీ మీద కూర్చోవడానికి హాస్టల్ ఫీజు కట్టినట్టవుతుంది.

నా సలహా ఇది. అబ్బాయిని కోచ్ సార్ దగ్గరికి ఒక్కడినే వెళ్లమనండి, మీరు వెంట పోకండి. ఎందుకు ఆడిస్తలేరని కాదు, ఏం నేర్చుకుంటే ఆడిస్తారని అడగాలి. ఎత్తు ఒక్కటే కారణమని సార్ అంటే అప్పుడు దారి వేరు, ఎందుకంటే ఎత్తు ప్రాక్టీసుతో పెరగదు. బంతి అందించడంలో వేగం తక్కువ, బ్యాక్ సెట్ సరిగ్గా పడతలేదు, లాంటివి చెబితే మాత్రం అది మూడు నాలుగు నెలల పని. రెండో మాట, కాలేజీ టీమ్ ఒక్కటే కాదు కదా ఆట. జిల్లా అసోసియేషన్ సెలక్షన్లు ఉంటాయి, క్లబ్బులు ఉన్నాయి, సంక్రాంతికి, దసరాకు మన ఊళ్లలో పెట్టే టోర్నమెంట్లు ఉన్నాయి, సాయంత్రం గ్రౌండ్‌కు పోతే ఆడటానికి టీమ్ దొరకకుండా ఉండదు. సెట్టర్‌కు చేతిలో బంతి పడుతూ ఉండాలి, ఎవరి జెర్సీ వేసుకున్నాడన్నది తర్వాత.

మూడో మాట, డిగ్రీ ఇక్కడే పూర్తి చేయమనండి, ఇది గట్టిగా చెప్పండి. పైన రాసిన హర్ట్స్‌కు దారి తెరిచింది అతని పట్టానే. ఓక్లహోమా వదిలాక కూడా చదువు వదల్లేదు, 2023లో ఐదేళ్లకు 25 కోట్ల 50 లక్షల డాలర్ల ఒప్పందం మీద సంతకం పెట్టిన ఆ వేసవిలోపే అదే యూనివర్సిటీ నుంచి మాస్టర్స్ పట్టా తీసుకున్నాడు. మీవాడు కూడా డిగ్రీ అయ్యాక పీజీకో, బీపీఈడీకో ఉస్మానియాకు పోవచ్చు, అప్పుడు టీసీ అడగడానికి ఎవరి ముందూ తల వంచే పని ఉండదు. యూనివర్సిటీ టోర్నమెంట్లకు వయసు పరిమితి ఉంటుంది కాబట్టి ఫిజికల్ డైరెక్టర్‌ను ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి.

ఇంకొకటి, తింటలేడు, మాట్లాడతలేడు అని రాశారు. దాన్ని ఆట బాధే అనుకుని వదిలేయకండి. రెండు మూడు వారాలైనా అలాగే ఉంటే డాక్టర్‌కు చూపించండి.

ప్రశ్న: అమెరికాలో ఇప్పుడు కాలేజీలే డబ్బులిచ్చి ఆటగాళ్లను లాక్కుంటున్నాయట. ఇది ఆటను చెడగొట్టడం కాదా? – కరీంనగర్

జవాబు: నియమాలు చాలా వేగంగా మారాయి. మారాలనుకునే ఆటగాడు తన పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ 2018 అక్టోబర్‌లో మొదలైంది. 2021లో ఒకసారి మారితే ఏడాది కూర్చోనక్కర్లేదన్నారు, అదే ఏడాది జులై నుంచి తమ పేరు మీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చన్నారు, 2024లో చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లైనా మారవచ్చన్నారు. 2025లో కోర్టు ఒప్పందంతో కాలేజీలే నేరుగా ఆటగాళ్లకు చెల్లించే పద్ధతి వచ్చింది, మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీకి పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు.

డబ్బు ఆటగాడికి రావడంలో నాకు తప్పేమీ కనిపించదు. స్టేడియాలు నిండేది వాళ్లను చూడటానికే, టీవీ కంపెనీలు కట్టేది వాళ్ల ఆటకే, దశాబ్దాల పాటు వాళ్లకు స్కాలర్‌షిప్ తప్ప పెద్దగా ఏమీ దక్కలేదు. పైగా కోచ్‌లు ఎప్పుడూ స్వేచ్ఛగానే మారారు. హర్ట్స్‌ను తీర్చిదిద్దిన రైలీయే 2021 నవంబర్‌లో ఓక్లహోమా వదిలి దక్షిణ కాలిఫోర్నియా యూనివర్సిటీకి వెళ్లిపోయాడు, అతను ఏడాది కూర్చోవాలని ఎవరూ అనలేదు. నా బాధల్లా చదువు గురించే. నాలుగేళ్లలో మూడు కాలేజీలు తిరిగిన పిల్లవాడికి అన్ని చోట్లా చదివిన సబ్జెక్టులు లెక్కలోకి రావు, అందరూ హర్ట్స్‌లు కారు, ఆట ఆగిపోయిన రోజు చేతిలో పట్టా కూడా లేకపోతే ఆ పిల్లవాడిని పట్టించుకునేది ఎవరు? ఆ బాధ్యత రాసుకోకుండా తలుపులు మాత్రం తెరిచారు, అది నాకు నచ్చలేదు.

ప్రశ్న: మా పాప మూడో తరగతి, ఉరుకుడులో మండలంలో ఫస్ట్ వచ్చింది. సార్లు స్పోర్ట్స్ స్కూల్లో వేయమంటున్నారు. ఇంత చిన్నదాన్ని ఇంటి నుంచి దూరం పంపడం మంచిదేనా? – మంచిర్యాల

జవాబు: మీ భయం సహజం, చిన్నపిల్ల కదా. అయితే మన దగ్గర నుంచి పెద్ద మెడల్ దాకా వెళ్లినవాళ్లు ఎక్కడో ఒకచోట ఇల్లు వదలక తప్పలేదు. పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ జీవాంజి దీప్తి హైదరాబాద్ పోయి శిక్షణ తీసుకుంది కాబట్టే 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో ఉరికి పారా అథ్లెటిక్స్‌లో తన విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది, ఆ సెప్టెంబర్‌లో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది.

ప్రభుత్వ స్పోర్ట్స్ స్కూళ్లలో ప్రవేశం నాలుగో తరగతికి ఉంటుంది, కాబట్టి మీకు ఆలోచించుకునే సమయం ఇదే. హకీంపేట్ ఒక్కటే అనుకోకండి, కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో కూడా ఉన్నాయి, మీకు అవే దగ్గర. ఫారం నింపే ముందు పాపను తీసుకుని ఒకసారి వెళ్లి రండి. ఆడపిల్లల హాస్టల్లో రాత్రి ఉండే వార్డెన్ ఎవరు, దెబ్బ తగిలితే ఏ ఆస్పత్రికి తీసుకెళ్తారు, ఇంటికి ఫోన్ ఎన్నిరోజులకు చేయనిస్తారు, ఆట మానేస్తానంటే చదువు అక్కడే కొనసాగించవచ్చా, ఇవి నేరుగా అడగండి. సరైన జవాబు చెప్పకుండా తిప్పి పంపితే ఆ ఏడాదికి వద్దనుకోండి. ఆ తర్వాత పాపను అడగండి, తను పోతానంటేనే పంపండి.