సన్నగా ఉన్నవాళ్లకు షుగర్ ఎందుకొస్తుంది? వచ్చాక వెనక్కి పోతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: వయసు 39, ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు, బరువు 68 కిలోలు. ఏడాది కింద షుగర్ బయటపడింది, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 7.8. మెట్‌ఫార్మిన్‌తో పాటు ఇంకో మాత్ర వాడుతున్నారు. రాత్రి రెండు పుల్కాలే తిని పడుకున్నా పొద్దున పరగడుపున 150 చూపిస్తోంది. "నేను లావు కాదు కదా, నాకెందుకొచ్చింది? జీవితాంతం మందులేనా, లేక ఈమధ్య అంటున్న రెమిషన్ నిజమేనా?" అని.

నిజమేనండి, రెమిషన్ అనేది ఉంది, అంటే మందులు లేకుండానే షుగర్ అదుపులో ఉండడం. మీ వివరాలు చూస్తే గట్టిగా ప్రయత్నించదగ్గ కేసే. కానీ అందరికీ దొరకదు. నేను డాక్టర్‌ని కాదు, షుగర్ ఉన్నవాడిని. మా అన్నయ్యకీ ఉంది. ఇద్దరం ఒకే పద్ధతిలో బరువు తగ్గాం. నాకు మందులు ఆగిపోయాయి, వాడికి ఆగలేదు. ఎందుకిలా అయిందో తెలుసుకోవాలనే ఈ పరిశోధనలు చదవడం మొదలుపెట్టాను.

ముందు మీ పరగడుపు 150 సంగతి. రాత్రి తిన్న పుల్కాలకీ దానికీ పెద్దగా సంబంధం లేదు. మనం నిద్రపోతున్నప్పుడు కూడా మెదడుకి గ్లూకోజు కావాలి కాబట్టి లివర్ కొద్దికొద్దిగా తయారుచేసి రక్తంలోకి వదులుతూ ఉంటుంది. ఎంత వదలాలో అదుపు చేసేది ఇన్సులిన్. లివర్‌లో కొవ్వు పేరుకుంటే అది ఇన్సులిన్ మాట వినడం మానేస్తుంది. రాత్రంతా అవసరానికి మించి గ్లూకోజు వదులుతూనే ఉంటుంది. అందుకే ఏమీ తినకుండా పడుకున్నా పొద్దున ఎక్కువే చూపిస్తుంది.

ఇంగ్లండులోని న్యూకాసిల్ యూనివర్సిటీలో రాయ్ టేలర్ అనే ప్రొఫెసర్ ఉన్నారు. బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకి బరువు ఇంకా పెద్దగా తగ్గకముందే, కొద్ది రోజుల్లోనే షుగర్ నార్మల్‌కి రావడం ఆయన్ని ఆలోచింపజేసింది. 2008లో ఆయన ఒక ప్రతిపాదన చేశారు. ఏళ్ల తరబడి ఒంటికి అవసరమైన దానికంటే ఎక్కువ తింటే లివర్‌లో కొవ్వు చేరుతుంది. లివర్ ఆ కొవ్వుని ట్రైగ్లిజరైడ్ల రూపంలో రక్తంలోకి పంపిస్తుంది. అందులో కొంత వెళ్లి పాంక్రియాస్‌లో (క్లోమంలో) చేరి, ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను మొద్దుబారుస్తుంది. ఇన్సులిన్ తగ్గితే షుగర్ పెరుగుతుంది, దానితో లివర్‌లో కొవ్వు ఇంకా పెరుగుతుంది. ఒకదాన్నొకటి ఎగదోసుకునే రెండు చక్రాలన్నమాట.

2011లో ఆయన బృందం దీన్ని 11 మంది మీద పరీక్షించింది. రోజుకి సుమారు 600 కేలరీలు, ఎనిమిది వారాలు. మొదటి వారంలోనే లివర్ కొవ్వు 30 శాతం తగ్గి, పరగడుపు షుగర్ నార్మల్‌కి వచ్చింది. ఎనిమిది వారాలయ్యేసరికి పాంక్రియాస్‌లో కొవ్వు కూడా తగ్గింది, తిన్న వెంటనే ఇన్సులిన్ విడుదలయ్యే గుణం మళ్లీ మొదలైంది. నాకు ఇది పెద్ద వార్త. ఎందుకంటే టైప్ 2, అంటే ఎక్కువమందికి ఉండే మామూలు షుగర్, బీటా కణాలు చచ్చిపోతూ పోవడమేనని, ఏటా మందులు పెరగడమే తప్ప తగ్గడం ఉండదని అప్పటిదాకా చెబుతూ వచ్చారు. 2012లో కొలంబియా యూనివర్సిటీలో డొమెనికో అచిలి బృందం ఎలుకల్లో చూపించింది కూడా దీనికి సరిపోయింది. చాలా కణాలు చనిపోలేదు, తమ పని మర్చిపోయి మునుపటి స్థితిలోకి జారుకున్నాయి. చచ్చిన కణాన్ని బతికించలేం కానీ, పని మర్చిపోయినదానికి మళ్లీ గుర్తొచ్చే అవకాశం ఉంటుంది. ఎంతకాలం లోపల అన్నదే ప్రశ్న.

దాని తర్వాత వచ్చిన పెద్ద పరిశోధన పేరు డైరెక్ట్ (DiRECT). స్కాట్లండ్, ఇంగ్లండులలో షుగర్ వచ్చి ఆరేళ్లు దాటని 298 మంది మీద చేశారు. సగం మందికి మూడు నుంచి ఐదు నెలల పాటు రోజుకి సుమారు 850 కేలరీల షేకులు, సూపులే తిండి. మిగతా సగానికి మామూలు వైద్యం. ఏడాది తర్వాత మొదటి గుంపులో 46 శాతం మంది మందులు లేకుండా రెమిషన్‌లో ఉన్నారు, రెండో గుంపులో 4 శాతం. 15 కిలోలకు పైగా తగ్గినవాళ్లలో అయితే 86 శాతం. ఇవి 2017 చివర్లో వచ్చిన ఫలితాలు, యూట్యూబ్ వీడియోలన్నీ ఇక్కడితో ఆగిపోతాయి. రెండేళ్లకి ఆ 46 కాస్తా 36 అయింది. ఆ తర్వాత కూడా పర్యవేక్షణలో కొనసాగినవాళ్లలో ఐదేళ్లకి రెమిషన్‌లో మిగిలింది 13 శాతం. పోయిన బరువు తిరిగొస్తే షుగరూ తిరిగొస్తుంది.

రెమిషన్ అన్న మాటకి 2021లో అంతర్జాతీయంగా ఒక నిర్వచనం పెట్టుకున్నారు: షుగర్ మందులు ఆపేశాక కనీసం మూడు నెలలకి కూడా హెచ్‌బీఏ1సీ 6.5 కంటే తక్కువ ఉండాలి. మాత్ర వేసుకుంటూ 6.2 తెచ్చుకుంటే అది మంచి కంట్రోలే, రెమిషన్ మాత్రం కాదు.

ఇక "నేను లావు కాదు కదా" అన్న మీ ప్రశ్న. మన విషయంలో అసలు కథ ఇక్కడే ఉంది. 2004లో లాన్సెట్ పత్రికలో ఒక ఫొటో వేశారు. పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు ఎంతో చెప్పే లెక్క) ఒకటే, 22.3. కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. ఇది పుట్టుకతోనే మొదలవుతుందని కూడా యాజ్ఞిక్ బృందం పుణె దగ్గర పల్లెల్లో చూపించింది. అక్కడ పుట్టిన పిల్లల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్ పిల్లలది 3.5. మనవాళ్లు అన్నిట్లోనూ చిన్నగా పుట్టారు, చర్మం కింద కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు.

టేలర్, రూరీ హోల్మన్ కలిసి 2015లో రాసినదాని ప్రకారం చర్మం కింద కొవ్వుని భద్రంగా దాచుకోవడానికి ఎవరి హద్దు వాళ్లకుంటుంది. బీరువా నిండిపోయాక బట్టలు కుర్చీల మీదా మంచం మీదా చేరినట్టు, ఆ హద్దు దాటిన కొవ్వు లివర్‌లో, పాంక్రియాస్‌లో చేరుతుంది. ఒకరి హద్దు 110 కిలోల దగ్గర ఉండొచ్చు, మీది 64 దగ్గరే ఉండొచ్చు. బయటి నుంచి చూసి చెప్పలేం. ఇంకో మాట, మీ బీఎంఐ 24 పైన వస్తోంది. తెల్లవాళ్ల లెక్కలో 25 దాకా నార్మలే, మన భారతీయులకి 23 నుంచే అధిక బరువు. కాబట్టి "లావు కాదు" అన్నది కూడా పూర్తిగా నిజం కాదు, ఏమనుకోకండి.

సరిగ్గా మీలాంటివాళ్ల మీదే ఆ న్యూకాసిల్ బృందం రీట్యూన్ అనే చిన్న పరిశోధన చేసింది. టైప్ 2 ఉండి, బీఎంఐ 27 లోపే ఉన్న 20 మంది. విడతకి 5 శాతం చొప్పున బరువు తగ్గించుకుంటూ, మధ్యలో కొన్ని వారాలు నిలబెట్టుకుంటూ మూడు విడతలదాకా వెళ్లారు. సగటు బీఎంఐ 24.8 నుంచి 22.5కి వచ్చింది, 14 మందికి రెమిషన్ వచ్చింది. నన్ను ఆకట్టుకున్న సంఖ్య వేరే ఉంది. మొదట్లో వాళ్ల లివర్ కొవ్వు సగటు 4 శాతం చిల్లరే. ఫ్యాటీ లివర్ అని పేరు పెట్టాలంటే 5.5 శాతం దాటాలి. అంటే పుస్తకం లెక్కలో నార్మల్, కానీ వాళ్ల ఒంటికి అదే ఎక్కువ. తగ్గాక అది 1.4 అయింది. మామూలు అల్ట్రాసౌండ్‌లో కొవ్వు తేలాలంటే దీనికంటే చాలా ఎక్కువ ఉండాలి. మీ స్కానింగ్ రిపోర్టులో "లివర్ నార్మల్" అని ఉంటే దాన్ని పట్టుకుని నిశ్చింతగా కూర్చోకండి.

నా విషయం. ఎత్తు మీ అంతే, అప్పుడు బరువు 71, హెచ్‌బీఏ1సీ 8.1. చేతులు, కాళ్లు సన్నం, ఉన్నదంతా బొజ్జలోనే. మా డాక్టరమ్మ గారికి చెప్పే మొదలుపెట్టాను. షేకుల డబ్బాలు కొనలేదు, ఇంటి తిండే. పొద్దున ఒక పెసరట్టు లేదా రెండు గుడ్లు. మధ్యాహ్నం పెద్ద గిన్నెడు బీరకాయో సొరకాయో ఆకుకూరో, గరిటెడు ముద్దపప్పు, పెరుగు, అన్నం ఒక చిన్న కప్పు. రాత్రి పెందలాడే ఉడికించిన శనగలు, మజ్జిగ. నూనె చెంచాతో కొలిచి వేయడం మా ఆవిడకి మొదట్లో చాలా అవమానంగా అనిపించింది. మొత్తం వెయ్యి కేలరీల లోపే ఉండేలా చూసుకునేవాడిని. మొదట్లో ఆకలి, తలనొప్పి, చిరాకు. కొన్నాళ్లకి ఆకలి సర్దుకుంది. సర్దుకోనిది జనం. "చిక్కిపోయావేంటి, ఒంట్లో బాగుండట్లేదా?" అని కనిపించిన ప్రతివాళ్లూ అడిగేవాళ్లు. బరువు తగ్గడం కంటే వీళ్లకి జవాబు చెప్పడమే ఎక్కువ టెన్షన్.

ఆ పరిశోధనల్లో చెప్పినట్టే ముందు పరగడుపు షుగర్ దిగింది, తిన్న తర్వాతది చాలా ఆలస్యంగా దిగింది. లివర్ త్వరగా కోలుకుంటుంది, పాంక్రియాస్ నిదానం. 62 కిలోలకు వచ్చాక డాక్టరమ్మ గారు మందులు ఒక్కొక్కటిగా ఆపేశారు. అప్పటినుంచి హెచ్‌బీఏ1సీ 5.8కీ 6.2కీ మధ్య తిరుగుతోంది. సంక్రాంతి అరిసెల తర్వాత రెండు కిలోలు పెరిగితే ముందు తెలిసేది పొద్దున పరగడుపు రీడింగులోనే. మనలాంటివాళ్లకి ఇంకో జాగ్రత్త: తిండి ఒక్కటే తగ్గిస్తే ఉన్న కాస్త కండ కూడా పోతుంది. నడకతో సరిపెట్టకుండా వారంలో కొన్ని రోజులు బరువులు ఎత్తండి, గుడ్లు, పప్పు, పెరుగు తగ్గించకండి. తిన్న గ్లూకోజుని ఎక్కువగా లాక్కునేది కండే.

మా అన్నయ్య కూడా ఇదే తిండి తిన్నాడు, దాదాపు ఇన్నే కిలోలు తగ్గాడు. వాడికి షుగర్ వచ్చి పదిహేనేళ్లు. ఇన్సులిన్ డోసు సగానికి తగ్గింది, బీపీ మాత్ర ఒకటి పోయింది, కానీ ఇన్సులిన్ ఆగలేదు. సీ-పెప్టైడ్ పరీక్ష చేయిస్తే చాలా తక్కువ వచ్చింది, అంటే ఒంట్లో సొంతంగా తయారయ్యే ఇన్సులిన్ కొద్దిగానే మిగిలింది. వాడి పట్టుదలలో లోపమేం లేదు, ఆలస్యం అయిపోయిందంతే. పైగా మనవాళ్లలో మొదటినుంచే ఇన్సులిన్ తక్కువగా ఉండే రకం ఎక్కువ. మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు 2020లో భారతీయ టైప్ 2 రోగులని నాలుగు రకాలుగా విడదీస్తే, దాదాపు నాలుగో వంతు మంది ఈ రకంలోనే తేలారు. వీళ్లకి కొవ్వు తగ్గించడం ఒక్కటే సరిపోకపోవచ్చు.

అందుకే మీరు తిండి జోలికి వెళ్లకముందే డాక్టర్‌ని సీ-పెప్టైడ్ గురించి అడగండి. షుగర్ బయటపడేముందు బరువు దానంతటదే బాగా తగ్గి ఉంటే, ఇంట్లో ఎవరికీ షుగర్ లేకపోతే, గ్యాడ్ యాంటీబాడీ పరీక్ష (ఒంట్లోని రోగనిరోధక శక్తే బీటా కణాల మీద దాడి చేస్తోందేమో చూసేది) కూడా. పెద్దయ్యాక నిదానంగా వచ్చే టైప్ 1 లాంటి రకం ఒకటుంది. అది టైప్ 2లాగే కనబడుతుంది కానీ ఈ పద్ధతి దానికి పనికిరాదు, మందులు ఆపితే ప్రమాదం.

ఆమధ్య మన రెండు రాష్ట్రాలనీ ఊపేసిన కొబ్బరినూనె డైట్ గురించి కూడా అడుగుతారేమో. దానితో షుగర్ తగ్గినవాళ్లు నాకూ తెలుసు. తగ్గించింది నూనె కాదు, అన్నం మానేసి బరువు తగ్గడం అని నా అభిప్రాయం. 2025లో మన దగ్గరికి వచ్చిన మౌంజారో ఇంజెక్షన్ ఆకలి తగ్గించి, షుగర్‌నీ బరువునీ గట్టిగానే తగ్గిస్తుంది. ఆపితే చాలామందికి బరువు తిరిగొస్తుంది. మీ బరువుకి అది అవసరమో కాదో డాక్టరే చెప్పాలి. కాకరకాయ రసం, నేరేడు గింజల పొడి గురించి నేనేం చెప్పను.

మీరు ఆ రెండో మాత్ర పేరు రాయలేదు, స్ట్రిప్ మీద చూసి కింద రాయండి. గ్లిమెపిరైడ్ గానీ గ్లిక్లజైడ్ గానీ అయితే, డోసు మార్చకుండా తిండి సగం చేస్తే షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. డాపాగ్లిఫ్లోజిన్ లాంటిది అయితే ఇంకో రకం చిక్కు: అన్నం, రొట్టె బాగా తగ్గిస్తే మీటర్‌లో షుగర్ మామూలుగా చూపిస్తున్నా రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగి ఆస్పత్రి పాలయ్యే అవకాశం ఉంది. ఈ రెంటిలో ఏదైనా సరే, ముందు డాక్టర్‌ని కలిసి మాత్ర సంగతి తేల్చుకున్నాకే తిండి తగ్గించడం మొదలుపెట్టండి.