కార్లు లేని దారిలో నది వెంట సైకిల్ యాత్ర: డాన్యూబ్‌కు ఏ గట్టున వెళ్లాలి?

మ్యూనిక్‌లో ఉంటున్న మీరు, మీ భార్య, పదేళ్ల అబ్బాయి కలిసి వేసవిలో వారం పది రోజులు నది వెంట సైకిళ్ల మీద తిరగాలనుకుంటున్నారు. సైకిల్ అలవాటు అంతంతమాత్రమేననీ, కార్ల పక్కన అబ్బాయిని తొక్కనివ్వడానికి మనసొప్పడం లేదనీ, నదితో పాటు చిత్తడి నేలలను, పక్షులను కూడా చూడాలని ఉందనీ రాశారు. జర్మనీ సరిహద్దు ఊరు పస్సావులో మొదలుపెట్టి డాన్యూబ్ వెంట ఆస్ట్రియా రాజధాని వియన్నా దాకా, అక్కడ ఆగకుండా ఆస్ట్రియా తూర్పు అంచున ఉన్న హైన్‌బుర్గ్ దాకా వెళ్లమని నా సలహా. పస్సావు నుంచి వియన్నాకు సుమారు 320 కిలోమీటర్లు, ఆపైన హైన్‌బుర్గ్‌కు మరో 50 కిలోమీటర్లు అవుతుంది. నేను ఈ దారిలో పలు వేసవుల్లో, ఒకసారి మా పిల్లలతో కూడా, వెళ్లాను కనుక చూసినదే చెబుతున్నాను.

ఈ దారికి బాగా పేరుంది కాబట్టి పొడవునా కార్లు ఉండవని చాలామంది అనుకుంటారు, కానీ అది సగం నిజమే. చాలా దూరం నదికి రెండువైపులా సైకిల్ దారి ఉంటుంది. ఒక గట్టున నిశ్శబ్దంగా తోటలు, అడవి ఉంటే, అదే చోట అవతలి గట్టున పెద్ద రోడ్డు పక్కనే సైకిల్ దారి సాగుతుంది. అందువల్ల రోజుకు ఎన్ని కిలోమీటర్లు తొక్కాలన్న లెక్క కంటే, ఎక్కడ ఏ గట్టుకు మారాలన్న నిర్ణయమే మీ యాత్ర ఎలా ఉంటుందో తేలుస్తుంది. ముందుగా ఇంట్లో కూర్చుని పటం మీద ఈ పని చేసుకోండి.

దారి ఇంత చదునుగా ఉండటానికి ఒక కారణం ఉంది. మన గోదావరి కాలువ గట్ల మీద మనుషులు తాడు పట్టి పడవలు లాగినట్టే, ఇక్కడ ఉప్పు, ధాన్యం వేసుకున్న పడవలను ప్రవాహానికి ఎదురుగా గుర్రాలచేత లాగించేవారు. ఆ గుర్రాలు నడిచిన ఒడ్డు దారులే చాలాచోట్ల నేటి సైకిల్ దారికి పునాది. వాటిలో ఎన్నో భాగాల్లో మోటారు వాహనాలకు ప్రవేశం లేదు, నది నిర్వహణ సిబ్బంది వాహనాలు మాత్రం అప్పుడప్పుడు కనిపిస్తాయి. ఎక్కడానికి కొండలు లేవు, దిగువకు వెళ్తారు కాబట్టి వాలు మీ వైపే ఉంటుంది. గాలి కూడా ఎక్కువ రోజులు పడమటి నుంచే వీస్తుంది. తూర్పుగాలి పట్టిన రోజున మాత్రం ఆ రోజు దూరాన్ని తగ్గించుకోండి.

ఇక గట్ల సంగతి. నది పారే దిక్కుకు ముఖం పెట్టి నిలబడితే ఎడమచేతివైపు ఉన్నది ఎడమ గట్టు, కుడిచేతివైపు ఉన్నది కుడి గట్టు. పస్సావు నుంచి యోఖెన్‌స్టైన్ ఆనకట్ట దాకా రెండువైపులా రోడ్డు దగ్గరగానే ఉంటుంది, సైకిల్ దారి వేరుగా ఉన్నా శబ్దం తప్పదు. యోఖెన్‌స్టైన్ దాటాక ఎడమ గట్టు పట్టుకోండి, లోయ ఇరుకై అడవి నీటి దాకా దిగుతుంది. ష్లోగెన్ దగ్గర నది గట్టి రాతిని చీల్చలేక దాదాపు వెనక్కి తిరిగినంత వంపు తిరుగుతుంది. అక్కడ ఎడమ ఒడ్డున కొండ నిటారుగా నీటిలోకి దిగడంతో దారి ఆగిపోతుంది, కాబట్టి చిన్న పడవ మీద కుడి ఒడ్డుకు దాటాలి. సైకిళ్లకు తాళం వేసి అరగంట కొండెక్కితే ఆ వంపు మొత్తం కనబడే చోటు వస్తుంది, అబ్బాయి తప్పక ఇష్టపడతాడు. అక్కడి నుంచి ఇన్‌ట్సెల్ మీదుగా ఆషాఖ్ వైపు కుడి గట్టు దారి ఎంతో ప్రశాంతంగా ఉంటుంది. ఒక జాగ్రత్త మాత్రం అవసరం: చాలాచోట్ల దారికీ నీటికీ మధ్య కంచె ఉండదు, కనుక అబ్బాయిని మీ ఇద్దరి మధ్య, నదికి దూరంగా ఉన్న అంచున తొక్కనివ్వండి.

ఓటెన్స్‌హైమ్ నుంచి లింట్స్ నగరం దాకా ఉన్న కొద్ది దూరం నాకు నచ్చదు. దారి వేరుగా ఉన్నా పక్కనే రద్దీ రోడ్డు. అబ్బాయి కోసమైతే ఆ ముక్కను రైల్లో దాటేయడంలో తప్పేమీ లేదు. లింట్స్ తరువాత మౌట్‌హౌజెన్ మీదుగా గ్రైన్ దాకా మైదానం, కరకట్టలు, మొక్కజొన్న చేలు. గ్రైన్ నుంచి ఇబ్స్ దాకా లోయ మళ్లీ ఇరుకవుతుంది, అక్కడ పెద్ద రోడ్డు ఎడమ ఒడ్డున ఉంది కనుక మీరు కుడి ఒడ్డునే ఉండండి.

మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా ఉన్న సుమారు 36 కిలోమీటర్ల లోయే వాఖౌ. 2000లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. పేరున్న ఊళ్లు, ఇంగ్లండ్ రాజు మొదటి రిచర్డ్‌ను 1192 చివర బంధించిన డ్యూర్న్‌స్టైన్ కోట శిథిలాలు, ద్రాక్షతోటల మెట్లు ఎక్కువగా ఎడమ ఒడ్డునే ఉన్నాయి, రోడ్డూ అక్కడే ఉంది. కుడి ఒడ్డున ఆర్న్స్‌డోర్ఫ్, రోసాట్స్ ఊళ్ల చుట్టూ ఆప్రికాట్ తోటలు, తక్కువ జనం. కుడి ఒడ్డున తొక్కుతూ, చూడాలనుకున్న ఊరు ఎదురుగా రాగానే బల్లకట్టు మీద దాటి చూసి మళ్లీ వెనక్కి రావడం నాకు అలవాటు. జులైలో వెళ్తే తోటల ముందు బుట్టల్లో పళ్లు అమ్ముతుంటారు. మీరు శాకాహారులైతే ఆప్రికాట్‌ను పిండిలో చుట్టి ఉడికించి చేసే మరిలెన్ క్నోడెల్, చీజ్ కలిపిన ష్పెట్స్లే అనే పిండి నూడుల్స్ దాదాపు ప్రతి ఊళ్లో దొరుకుతాయి. ఆదివారాలు దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి శనివారమే రొట్టె, పళ్లు కొని పెట్టుకోండి.

ష్పిట్స్, ఆర్న్స్‌డోర్ఫ్‌ల మధ్య నడిచే బల్లకట్టు గురించి కొంచెం విడిగా చెప్పాలి, ఎందుకంటే దానికి ఇంజన్ లేదు. ఒడ్డు నుంచి ఒడ్డుకు, మనుషుల తలల మీదుగా చాలా ఎత్తున, ఒక లావుపాటి ఇనుప తాడు కట్టి ఉంటుంది. దాని మీద కప్పీలు దొర్లుతుంటాయి, వాటి నుంచి దిగిన తీగలు బల్లకట్టును పట్టి ఉంచుతాయి. నడిపే మనిషి చుక్కాని తిప్పి బల్లకట్టును ప్రవాహానికి ఏటవాలుగా నిలబెడతాడు, నీరు దాని పక్కను నెడుతుంది, తాడు కిందికి పోనివ్వదు, కాబట్టి అది అడ్డంగా జరిగి అవతలి ఒడ్డు చేరుతుంది. పైన కప్పీలు కిర్రుమనడం, కింద బల్లకట్టుకు నీరు తగలడం తప్ప మరో శబ్దం ఉండదు. కార్లు, సైకిళ్లు, మనుషులు అందరూ దాని మీదే దాటుతారు. ఓటెన్స్‌హైమ్ దగ్గర విల్హెరింగ్‌కు దాటించేది కూడా ఈ పద్ధతిదే. అబ్బాయికి ప్రవాహబలం గురించి పాఠం చెప్పాలనుకుంటే ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

క్రెమ్స్ తరువాత టుల్న్ దాకా కుడి గట్టున వెళ్తే ట్స్వెంటెన్‌డోర్ఫ్ అణువిద్యుత్ కేంద్రం వస్తుంది. కట్టడం పూర్తయినా, 1978 నవంబరు 5న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 50.47 శాతం మంది వద్దనడంతో అది ఒక్కరోజు కూడా పనిచేయలేదు. వియన్నాలో 21 కిలోమీటర్ల పొడవున్న డాన్యూబ్ దీవి మీదికి ఎక్కండి. వరదనీటి కోసం రెండో పాయ తవ్వినప్పుడు వచ్చిన మట్టితో చేసిన ఈ దీవి మీద కార్లు తిరగవు, నగరం మధ్యనుంచి వెళ్తున్నట్టే అనిపించదు.

ఎక్కువమంది వియన్నాలో సైకిళ్లు అప్పగించి ఇంటిదారి పడతారు. చిత్తడి నేల చూడాలని అడిగిన మీరు అలా చేయవద్దని నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే అది మొదలయ్యేదే అక్కడ. ఆస్ట్రియాలో డాన్యూబ్ చాలా భాగం ఆనకట్టల మధ్య చెరువులా నిలిచిన నది. వాఖౌలోనూ, వియన్నాకు తూర్పునా మాత్రమే అది స్వేచ్ఛగా పారుతుంది. హైన్‌బుర్గ్ దగ్గర కూడా ఆనకట్ట కట్టాలని నిర్ణయించి చెట్లు కొట్టడానికి సిద్ధమైనప్పుడు, 1984 డిసెంబరులో వేలమంది ఆ గడ్డకట్టే చలిలో ష్టోప్ఫెన్‌రోయిట్ ముంపు అడవిలో గుడారాలు వేసుకుని అడ్డుకున్నారు. అప్పటి ప్రభుత్వాధినేత, చాన్సలర్ ఫ్రెడ్ జినోవాట్స్ క్రిస్మస్‌కు ముందు పనులు ఆపించారు, ఆ తరువాత ఆనకట్ట ఆలోచనే పోయింది, 1996లో ఆ నదీతీరపు అడవి జాతీయ ఉద్యానం అయింది.

ఇక్కడ దారి ఎడమ ఒడ్డున వరదకట్ట మీద తిన్నగా సాగుతుంది, కార్లు ఉండవు. కట్టకు కుడిచేతివైపు విల్లో, పాప్లర్ చెట్ల అడవి, నిలిచిన పాయలు, రెల్లు. ఎడమచేతివైపు మార్ఖ్‌ఫెల్డ్ అనే మైదానపు పొలాలు. నది మట్టం వేర్వేరు కాలాల్లో ఏడు మీటర్ల దాకా తేడా పడటంతో, వరద వచ్చినప్పుడల్లా ఆ పాయల్లోకి కొత్త నీరు, కొత్త ఒండ్రు చేరతాయి. కానీ పై ఆనకట్టలు గులకరాళ్లను ఆపేయడం వల్ల నది అడుగు ఏటా రెండు మూడు సెంటీమీటర్లు కోసుకుపోతోంది, పాయలు ఎండిపోకుండా వాటిని మళ్లీ నదితో కలిపే పనులు సాగుతున్నాయి. ఉదయాన్నే వెళ్తే లకుముకిపిట్టలు, కొంగలు, బీవర్లు కొరికిన మొద్దులు, మొద్దుల మీద ఎండ కాగే చిన్న తాబేళ్లు కనిపిస్తాయి. తెల్లతోక గద్దలు కూడా ఇక్కడ గూళ్లు పెడతాయి. సైకిల్ దిగి పాయ ఒడ్డున పది నిమిషాలు కదలకుండా కూర్చుంటేనే ఇవన్నీ బయటికి వస్తాయి. ఓర్ట్ కోటలో ఉద్యానం వారి కేంద్రం ఉంది, అబ్బాయితో అక్కడ సగం రోజు గడపవచ్చు.

కట్ట మీద నీడ దాదాపు ఉండదు, ఊళ్లు కట్టకు దూరంగా ఉంటాయి, కాబట్టి మనిషికి రెండు సీసాల నీళ్లు, తినడానికి ఏదైనా వెంట ఉండాలి. దోమలు విపరీతం. ఈ లోయలో పిడుదుల ద్వారా మెదడువాపు సోకే ప్రమాదం ఉంది, దానికి టీకా ఉంది. పూర్తి రక్షణకు కొన్ని నెలలు పడుతుంది కనుక ఇప్పుడే డాక్టరును అడగండి.

రోజుకు 40 కిలోమీటర్లు పెట్టుకుంటే పది రోజుల్లో నిదానంగా పూర్తవుతుంది. ఒకచోట అద్దెకు తీసుకున్న సైకిళ్లను మరోచోట అప్పగించే సదుపాయం, సామాను ఒక బస నుంచి మరో బసకు చేరవేసే సేవ రెండూ ఉన్నాయి. మ్యూనిక్ నుంచి పస్సావుకు నేరుగా ప్రాంతీయ రైలు ఉంది, హైన్‌బుర్గ్ నుంచి వియన్నాకు ఎస్7 అనే లోకల్ రైలు ఉంది. చిన్న పడవలు వేసవి నెలల్లోనే తిరుగుతాయి, వరద రోజుల్లో ఆపేస్తారు, ఒడ్డు దారులు కూడా మునుగుతాయి. 2013 జూన్‌లో పస్సావులో నీరు 12.89 మీటర్లకు చేరింది, 1501 తరువాత అంత ఎత్తు ఎప్పుడూ రాలేదు. బయలుదేరే ముందు వారం నుంచి నది మట్టం, దారి మూసివేతల ప్రకటనలు చూసుకుంటూ ఉండండి.