లైబ్రరీ హాల్లో బొమ్మలు పెడుతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీర్వదించి రాయునది అని మొదలెడదాం అనుకున్నా గానీ ఫోన్లో టైపు చేస్తుంటే అది నాకే నవ్వొచ్చింది. నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. మీ ఊరి లైబ్రరీ హాల్లో తొమ్మిది మంది కలిసి బొమ్మలు పెడతారంట, నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు కదా, ఆ వారమైతే హాలు ఊరికే ఇస్తామన్నారంట, ఎలా చెయ్యాలో చెప్పండి మాస్టారూ అన్నావ్. చెప్తాను. డ్రాయింగ్ మాస్టారుగా ఉన్నన్నాళ్ళూ, రిటైరయ్యాక కూడా కలిపి ఓ పదకొండు ప్రదర్శనలు పెట్టానమ్మా, అందులో నాలుగు బాగా జరిగాయి, మిగతా ఏడూ ఎందుకు తగలడ్డాయో నాకు బాగా తెలుసు, అదే నా క్వాలిఫికేషన్ అనుకో.

మొదటిది ఓ కల్యాణమండపంలో పెట్టాం. ఆరుగురం, 72 బొమ్మలు, సందు లేకుండా గోడంతా కప్పేశాం. ముఖ్య అతిథి గారు సాయంత్రం అయిదింటికని చెప్పి ఎనిమిదింటికొచ్చారు, దీపం, శాలువాలు, ఉపన్యాసాలు, అయ్యేసరికి జనం టిఫిన్ తినేసి ఎవరి దారిన వాళ్ళు పోయారు. మర్నాడు పొద్దున మండపం ఊడ్చే ఆవిడ చీపురు పట్టుకుని నా బొమ్మ ముందు ఆగింది, రేవులో బట్టలుతికే మనిషి బొమ్మ అది. కాసేపు చూసి, "తడి బట్ట ఎత్తితే భుజం ఇలా ఉండదండీ, కిందకి దిగిపోద్ది" అంది. మూడు రోజుల్లో నా బొమ్మ గురించి నేను విన్న అసలు మాట అదొక్కటే, మిగతావన్నీ బ్రహ్మాండం, అద్భుతం బాపతు. తర్వాత ఆ భుజం మళ్ళీ వేశాననుకో. అప్పట్నించీ ప్రదర్శన అంటే నా లెక్క ఒకటే, ఆవిడ లోపలికొచ్చి నిలబడి చూసేలా ఉందా లేదా. నువ్వు కూడా ఏదన్నా తేల్చుకోలేకపోతే ఆవిణ్ణి మనసులో పెట్టుకుని తేల్చుకో.

ముందు టేపు తీసుకెళ్ళి హాలు కొలువు. నువ్వు పంపిన ఫోటోలో పుస్తకాల బీరువాలు పోను రెండు గోడలు కనపడుతున్నాయి, ఒక్కోటి 30 అడుగులు ఉంటుందనుకుందాం. ఒక్కో బొమ్మ వెడల్పు సగటున రెండడుగులు, పక్కన ఖాళీ ఒక అడుగు, అంటే మొత్తం 20 బొమ్మలు, అంతే, 21వది పట్టదు. తొమ్మిది మందికి రెండేసి 18 పోతాయి. ఇక్కడే గొడవలొస్తాయి, నావి నాలుగు పెట్టాలి అని ఒకాయన అంటాడు, నాది అయిదడుగుల కాన్వాసు అని ఇంకొకాయన, మధ్యలో నువ్వు చెడ్డదానివవుతావ్. అందుకే రెండేసి అని ముందే చెప్పేయ్, ఏ రెండు అనేది వేసినవాళ్ళు కాకుండా మిగతా ఎనిమిది మందీ చీటీలు రాసి తేల్చాలి. ఎవడి బొమ్మల్లో మంచివేవో వాడికి తెలీదమ్మా, నాకూ ఇప్పటికీ తెలీదు, మీ పిన్నిగారు చెప్తారు.

మిగిలిన రెండు చోట్ల సంగతి చెప్తా విను. మీ బస్టాండు దగ్గర షాపులకి బోర్డులు రాసే ఆయన ఉండేవాడు, ఫ్లెక్సీలొచ్చాక పని పోయి ఇప్పుడు ఇళ్ళకి రంగులేసుకుంటున్నాడని నువ్వే అన్నావ్ ఓసారి. ఆయన ఫ్లాట్ బ్రష్‌తో ఒక్క ఊపులో "అ" రాస్తాడు చూడు, ఆ చెయ్యి మీ తొమ్మిది మందిలో ఎవరికీ లేదు, నాక్కూడా లేదు. ఆయనతో నాలుగడుగుల రేకు మీద ఆయనకిష్టమొచ్చిన మాట రాయించి ఆ రెండు చోట్లూ కలిపి గోడకి పెట్టు, డబ్బులిచ్చి రాయించు, ఊరికే అడక్కు. ఇంకో సంగతి, మీ వీధిలో మెలికల ముగ్గులేసే పెద్దావిడెవరినన్నా పిలిచి వరండాలో రోజుకొకటి వేయించు. ఇవి ఆర్టా అని మీలోనే ఒకరిద్దరు మొహం ముడుస్తారు, ముడవనీ. ఆ బోర్డు చూడ్డానికి బస్టాండు బస్టాండంతా వస్తుంది, వచ్చినవాళ్ళు పక్కనున్న మీవి కూడా చూసే పోతారు.

పర్మిషన్ మాత్రం నోటి మాట మీద వదిలెయ్యకు. లైబ్రేరియన్ గారు మంచాయనే కావచ్చు, నడిమధ్యలో ట్రాన్స్‌ఫరైతే కొత్తాయనకి నువ్వెవరో తెలీదు. తేదీలు, టైములు, కరెంటు, తాళం ఎవరి దగ్గరుంటుంది, రాత్రి ఎవరు పడుకుంటారు, అన్నీ ఒక కాగితం మీద రాసి అర్జీ పెట్టు, జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శి గారి పేరున కూడా ఒక కాపీ, రెండింటి మీదా స్టాంపు వేయించుకో. ఇంకోటి, రీడింగ్ రూమ్‌లో గ్రూప్సుకీ డీఎస్సీకీ చదువుకునే పిల్లలు పొద్దున్నించీ కూర్చుంటారు కదా, వాళ్ళ బల్లలు కదపకు, మైకు పెట్టకు, వీలైతే ముందురోజు వెళ్ళి వాళ్ళతో ఓ మాట చెప్పు. బుర్ర వేడెక్కినప్పుడల్లా లేచొచ్చి చూస్తారు, వారమంతా ఒకే బొమ్మ రోజుకి మూడుసార్లు చూసేది వాళ్ళే.

గోడలకి మేకులు కొట్టొద్దు, పాత సున్నం గోడలైతే పెచ్చులూడి తర్వాత మీ ఊళ్ళో ఇంకెవరికీ హాలివ్వరు. షామియానా కొట్లో అద్దెకి పైపులు దొరుకుతాయి, లేకపోతే సరుగుడు కర్రలు, గోడకి అర అడుగు ముందు నిలబెట్టి పైన అడ్డంగా ఒకటి కట్టించి తెల్ల గుడ్డ లాగి బిగించు. రంగు గుడ్డ ఇస్తానంటాడు వాడు, ఫ్రీగా ఇచ్చినా వద్దు, గులాబీ రంగు కుచ్చుల గుడ్డ ముందు పెడితే నీటిరంగులు చచ్చిపోతాయి. బొమ్మలు కట్టడానికి వలలమ్మే కొట్లో మందం నైలాన్ దారం కొను, మీ కోనసీమలో దానికేం కొదవ. ఒక్కో బొమ్మకి రెండు దారాలు, ఈ చివర ఒకటి ఆ చివర ఒకటి, ఒకటే కడితే ఫ్యాను గాలికి బొమ్మ ఊగుతుంది, నాకు ఓసారి అలా ఊగి ఊగి అద్దం పగిలింది.

ఎత్తు సంగతి. గ్యాలరీల్లో బొమ్మ మధ్యభాగం నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో ఉండేలా పెడతారు. నువ్వు 56 పెట్టు. ఆ చీపురావిడ అయిదడుగులుండదమ్మా, స్కూలు పిల్లలు అంతకంటే తక్కువ, మెడ ఎత్తి చూడాల్సొస్తే రెండో బొమ్మకే విసుగొస్తుంది. బొమ్మలన్నిటికీ పై అంచులు కలపకు, మధ్యగీత కలుపు, దారం ఒకటి లాగి పెట్టుకుంటే తేలిక.

లైటింగ్ దగ్గర నేను చాలాసార్లు దెబ్బతిన్నాను. అద్దం వేసిన ఫ్రేముకి ఎదురుగా ట్యూబ్‌లైటుంటే బొమ్మలో ట్యూబ్‌లైటే కనపడుద్ది. ఎల్ఈడీ ఫోకస్ లైట్లు ఓ పది అద్దెకి తెచ్చి పై నుంచి ఏటవాలుగా పడేట్టు పెట్టించు, తిన్నగా మొహం మీదకి కాదు, ఫ్రేము పైభాగం కొంచెం ముందుకి వంగేలా కట్టు. పడమటి కిటికీలకి మధ్యాహ్నం నుంచి ఏదైనా అడ్డం కట్టాలి, నీటిరంగుల మీద ఎండ పడకూడదు. నవంబర్ అంటే మనకి తుఫాన్ల నెల కూడా, తేమకి కాగితం వెళ్ళి అద్దానికి అతుక్కుంటే ఇక ఊడదు, అందుకే ఫ్రేము కట్టించేటప్పుడు అద్దానికీ బొమ్మకీ మధ్యలో మౌంట్, అంటే మందం అట్ట చట్రం, వేయించమని అందరికీ చెప్పు. వాయుగుండం అని టీవీలో అన్నారంటే కిటికీ వైపువి ఆ రాత్రే దింపేయండి.

అన్నట్టు ఇవన్నీ మొదలెట్టే ముందు ఒకసారి రాజమండ్రి రా, మా ఇంటికి తర్వాత, ముందు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకెళ్ళు. ఆయన 1897లో పుట్టి 1925లో పోయారు, మశూచి, నిండా 28 ఏళ్ళు లేవు. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆ కుర్రాడి చెయ్యి చూసి బొంబాయి జేజే ఆర్ట్ స్కూలుకి పంపిస్తే, చదువయ్యాక తిరిగి మన గోదావరి ఒడ్డుకే వచ్చి పదిమందికి బొమ్మలు నేర్పారు. ఆయన పోయాక స్నేహితుడు వరదా వెంకటరత్నం గారి లాంటివాళ్ళు ఆ బొమ్మల్ని కాపాడబట్టి ఇవాళ మనం చూస్తున్నాం. నేను చెప్పొచ్చేదేంటంటే, మీ ప్రదర్శనలో పెట్టిన ప్రతి బొమ్మకీ మంచి ఫోటో తీసి, సైజు, ఏ రంగులు, ఏ సంవత్సరం, ఇప్పుడెవరి దగ్గరుంది అని ఒక నోట్‌బుక్‌లో రాసి ఆ లైబ్రరీ బీరువాలోనే ఒక కాపీ పెట్టండి. నా బొమ్మలు సగం ఎవరిళ్ళల్లో ఉన్నాయో నాకే తెలీదు, రాసుకోలేదు మరి.

ధరల గురించి అడిగావ్. తాపీమేస్త్రి రోజుకూలి ఎంతుందో కనుక్కో, నీ ఒక రోజుకి అంతకంటే తక్కువ కట్టుకోకు, ఎన్ని రోజులు పట్టిందో దానికి ఫ్రేమూ రంగులూ కలుపు. ఆ ధర చీటీ మీద రాసెయ్, బంధువులకో రేటు, డాక్టరు గారికో రేటు ఉండకూడదు. చీటీలు తెలుగులో పెద్దక్షరాల్లో ఉండాలి, "అన్‌టైటిల్డ్" అని ఎవరన్నా పెడితే ఒప్పుకోకు, కొబ్బరితోట సాయంత్రం అంటే కొబ్బరితోట సాయంత్రం అనే రాయండి. ఎవరైనా కొంటే సగం అడ్వాన్సు తీసుకుని రసీదిచ్చి, అమ్ముడైందని గుర్తుగా చీటీ మీద ఎర్ర చుక్క అంటించు, బొమ్మ మాత్రం ఆఖరి రోజు సాయంత్రం దాకా గోడ మీదే. క్యూఆర్ కోడ్ ఒక్కరి పేరున పెట్టుకుంటే రాత్రి లెక్కలు ఇద్దరు సంతకాలతో రాయండి, స్నేహాలు చెడేది అక్కడే. పెద్దవి అంతగా అమ్ముడుపోవు, ముందే మనసు గట్టి చేసుకో. మీ బొమ్మల్ని పోస్టుకార్డు సైజులో ప్రింటేయించి యాభై రూపాయలకి పెడితే అవి పోతాయి. మనవాళ్ళు చందమామ, యువ పత్రికల అట్టల మీది వపా గారి, అదే వడ్డాది పాపయ్య గారి బొమ్మలు చింపి ఫ్రేము కట్టించుకున్న జాతి, చేతికందే ధరకిస్తే గోడకి పెట్టుకుంటారు.

ప్రారంభోత్సవం వద్దంటే ఊరుకోరు, నాకు తెలుసు. అయితే ఉపన్యాసాలు వరండాలో, ఇరవై నిమిషాలు, దీపం కూడా అక్కడే, గుడ్డ తెరల పక్కన దీపం పెట్టి నా ప్రాణాలు తియ్యకు. అతిథి లేటైతే ఆగొద్దు, తలుపులు తెరిచేయండి. లోపలికి కుర్చీలు రానివ్వొద్దు, కుర్చీ ఉందంటే మనవాళ్ళు బొమ్మకి వీపు పెట్టి కూర్చుంటారు. గుమ్మం దగ్గర "టికెట్ లేదు, లోపలికి రండి" అని ఆ బోర్డులాయన చేతే రాయించు, చాలామంది చెప్పులు విడిచి గుమ్మం దగ్గరే తొంగిచూసి వెళ్ళిపోతారు, మనకి కాదులే అనుకుని.

తొమ్మిది మందిలో ఎవరో ఒకరు ఎప్పుడూ అక్కడుండాలి, ఫోన్ చూసుకుంటూ కాదు. సెల్ఫీలు తీసుకోనీ, దానికి విసుక్కోకు. ఎవరైనా ఇదేంటండీ అనడిగితే ఉపన్యాసం ఇవ్వకు, మీకేం కనపడుతోంది అని తిరిగి అడుగు, తర్వాత నోరుమూసుకుని విను. కార్తీకమాసం జనం గుళ్ళ నుంచి తిరిగొచ్చే టైము ఉంటుంది కదా, పొద్దున్నే తెరవగలిగితే తెరవండి, సాయంత్రం పొలాల నుంచీ కొట్ల నుంచీ వచ్చేవాళ్ళ కోసం ఎనిమిదిన్నర దాకా ఉంచండి, మధ్యాహ్నం మూసుకున్నా ఫర్వాలేదు.

నేను 13 పొద్దున బస్సుకొస్తా. సుత్తి, లెవెల్ గొట్టం, పాత టేపు నా సంచిలో ఉంటాయి, నువ్వు నిచ్చెన ఒకటి చూసిపెట్టు, ఎక్కేది నువ్వే, నా మోకాళ్ళు ఎక్కవు. ఆ భుజం మార్చిన రేవు బొమ్మ కూడా తెస్తున్నా, గోడ మీద చోటు లేకపోతే పోనీలే, గుమ్మం పక్కన స్టూలు మీద పెట్టు.

ఉంటా, మీ మాస్టారు.